కలిమి వలస, లేమి వలస

తేనెటీగలు పెట్టె విడిచి వెళ్లిపోయాయనగానే చాలామంది అడిగేది ఒక్కటే: "మళ్లీ వస్తాయా?" నాకు మాత్రం ముందు వేరే సంగతి తెలియాలి. సగం వెళ్లాయా, మొత్తం వెళ్లాయా? మన కోస్తా మైదానంలో మాఘమాసం నుంచి రోహిణి కార్తె దాకా ఈ రెండు రకాల వలసలూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. పెట్టె వాకిట్లోంచి ఈగలు పోటెత్తుతాయి, తోటంతా హోరెత్తుతుంది, కాసేపు గాలిలో సుడి తిరిగి ఏ కొమ్మకో ముద్దగా వాలతాయి. లోపలి కథ మాత్రం పూర్తిగా వేరు. ఒకటి కలిమి ఎక్కువై జరిగేది, రెండోది లేమి భరించలేక జరిగేది.

నూజివీడు వైపు మామిడి, కొబ్బరి కలిసిన చిన్న తోటలో నేను పెంచేవి పుట్ట తేనెటీగలు. ఊళ్లో నీళ్ల ట్యాంకులకీ, ఎత్తయిన చెట్లకీ ఒకే పెద్ద పట్టు కట్టే కొండ తేనెటీగలు పెంపకానికి లొంగవు, వాటికి వెలుతురూ ఆరుబయలూ కావాలి. పుట్ట తేనెటీగలు చెట్టు తొర్రలో, పాడుబడ్డ పుట్టలో, పాత గోడ బొరియలో చీకటిచాటున పక్కపక్కన వరసగా పట్లు కడతాయి. చీకటిని, వరసని ఇష్టపడతాయి కనుకనే పెట్టెలో ఇముడుతాయి. 1910ల్లో తిరుచిరాపల్లి వైపు పనిచేసిన ఫాదర్ న్యూటన్ ఈ చిన్న ఈగకి సరిపోయే చిన్న పెట్టె తయారుచేసి, చుట్టుపక్కల వాళ్లకి పెంపకం నేర్పాడు. నూరేళ్లు దాటినా దాన్ని న్యూటన్ పెట్టె అనే అంటున్నాం.

ముందు కలిమి సంగతి. మామిడి పూతతో మొదలై తాటి, వేప, కానుగ పూతల దాకా ఈగలకి చేతినిండా పని. కాళ్లకి పుప్పొడి ముద్దలు అంటించుకుని వచ్చే వాటితో పెట్టె వాకిలి కిక్కిరిసిపోతుంది. రాణి ఆగకుండా గుడ్లు పెడుతుంది. ఫ్రేముల మధ్య సందు కనిపించదు. అలాంటప్పుడు ఫ్రేము పైకెత్తి పట్టు అడుగు అంచులు చూడాలి. మొదట పోతుటీగల గదులు కనిపిస్తాయి. మిగతావాటికన్నా పెద్దవి, మూతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, ఒక్కో మూతకి నడినెత్తిన సూదిమొనంత బెజ్జం ఉంటుంది. ఐరోపా తేనెటీగల పోతు గదులకి ఈ బెజ్జం ఉండదు. కొన్నాళ్లకి అదే అంచున తలకిందులుగా వేలాడే రాణి గదులు లేస్తాయి, వేరుశనగ కాయల్లా. వాటిలో మొదటిదానికి మూత పడిందంటే ప్రయాణం దగ్గరపడినట్టే. ఎండ బాగా కాసి, గాలి నిలిచిన పగటిపూట ఎప్పుడైనా లేవచ్చు.

లేచి వెళ్లేది కొత్త రాణి అనుకుంటారు చాలామంది. కాదు, వెళ్లేది పాత రాణి. కట్టిన మైనం, దాచిన తేనె, పెరుగుతున్న పిల్లలు, అన్నీ ఇంకా పుట్టని కూతురికి వదిలిపెట్టి, సగానికి పైగా ఈగలని వెంటబెట్టుకుని తల్లి బయటికి వస్తుంది. ఎక్కడికి వెళ్లాలో అప్పటికి తెలియదు. ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు వాటిమీద గౌరవం పెరుగుతుందే తప్ప తరగదు.

ఎక్కడికి వెళ్లాలో తేల్చేది రాణి కూడా కాదు. 1949లో మ్యూనిక్‌లో మార్టిన్ లిండావర్ అనే యువ శాస్త్రవేత్త పొదకి వేలాడుతున్న ఒక గుంపుని గమనిస్తూ, దానిమీద నాట్యం చేస్తున్న ఈగలు కొన్ని మసితోనూ, కొన్ని ఇటుకపొడితోనూ, కొన్ని పిండితోనూ ఉండటం చూశాడు. పూల దగ్గరికి వెళ్లొచ్చిన ఈగకి ఇటుకపొడి ఎక్కడిది? అవి ఇళ్లు వెతికి వచ్చినవని ఆయనకి అర్థమైంది. బాంబులకి కూలిన ఊరు కదా, పొగగొట్టాలూ గోడల బొరియలూ చూసి వచ్చి, తాము చూసిన చోటు ఏ దిక్కున ఎంత దూరంలో ఉందో నాట్యంతో చెబుతున్నాయి. తర్వాత అమెరికాలో థామస్ సీలీ ఆ పనిని ముందుకు తీసుకెళ్లాడు. వేల ఈగల గుంపులో వెతికేవి కొన్ని వందలే. మంచి చోటు చూసొచ్చిన ఈగ ఎక్కువసేపు ఆడుతుంది, ఓ మోస్తరు చోటు చూసొచ్చింది త్వరగా ఆపేస్తుంది. ఎవరి మాటా నమ్మి ఊరుకోకుండా మిగతావి వెళ్లి స్వయంగా చూసొస్తాయి. ఒకచోట తగినంతమంది పోగయ్యాక గుంపంతా ఒళ్లు వేడెక్కించుకుని ఒక్కసారిగా లేస్తుంది. కొమ్మకి వేలాడే ఆ ముద్దని చూసి భయపడేవాళ్లకి నేను ఇదే చెబుతుంటాను: అక్కడ పంచాయితీ జరుగుతోంది, దయచేసి కదిలించకండి.

ఈ ఫాల్గుణంలో పక్కతోట బాబాయ్ ఫోన్ చేశారు.

"ఒరే అబ్బాయ్, నీ ఈగలు మా చింతకొమ్మకి వేలాడుతున్నాయ్. ఆడకూలీలు అటు పోవడానికి భయపడుతున్నారు. పొగ పెట్టించమంటావా?"

"వద్దు బాబాయ్. వాటికి ఇప్పుడు కాపాడుకోవడానికి ఇల్లు లేదు, పిల్లల్లేరు. కడుపునిండా తేనె తాగి ఉన్నాయి. కదిలించకపోతే ఏమీ అనవు. నేను వస్తున్నా, కాసేపు అటు ఎవరినీ పోనివ్వకండి."

వెదురుబుట్ట లోపలివైపు నిమ్మగడ్డి బాగా రుద్ది తీసుకెళ్లాను. ఈగలు తోటివాటిని పిలవడానికి పొట్ట చివర నుంచి వదిలే వాసనలో సిట్రాల్ ఉంటుంది, నిమ్మగడ్డిలోనూ అదే ఉంది. బుట్టని ముద్దకి పైన బోర్లించి పట్టుకుని కింద నుంచి ఆకురెమ్మతో మెల్లగా తోస్తే, చీకటికోసం పైకే పాకుతాయి. రాణి లోపలికి చేరిందంటే మిగతావి వాటంతటవే వస్తాయి. పొద్దువాలాక కొత్త పెట్టెలోకి దించాను. వేరే పెట్టెలోంచి మూతపడని పిల్లపురుగులున్న ఫ్రేము ఒకటి తెచ్చి మధ్యలో పెట్టాను. పసిపిల్లలున్న ఇంటిని అవి తేలిగ్గా వదలవు. బాబాయ్ దూరంగా కుర్చీ వేసుకుని మొదటినుంచి చివరిదాకా చూశారు. "చేతులకి ఏమీ తొడుక్కోలేదేంరా?" అని మాత్రం రెండుసార్లు అడిగారు.

రాణి గది కనిపించగానే గోటితో నలిపేసే పద్ధతి ఒకటి ఉంది. గుంపు విడిపోతే తేనె తగ్గుతుందన్నది వాళ్ల లెక్క. లెక్క తప్పు కాదు, కానీ నాకు ఆ పని నచ్చదు. బలిసిన కుటుంబం విడిపోవాలనుకోవడం దాని ఆరోగ్యం. అవి చేయబోయే పనిని నేనే ముందుగా చేస్తే సరిపోతుంది. పాత రాణిని రెండు మూడు ఫ్రేములతో పక్కపెట్టెకి మార్చి, పాత పెట్టెలో మంచి రాణి గది ఒకటి ఉంచి మిగతావి తీసేస్తాను. అన్నీ ఉంచితే పుట్ట తేనెటీగ రెండో గుంపుని, మూడో గుంపుని కూడా పంపి చివరికి గుప్పెడు ఈగలతో మిగిలిపోతుంది.

విడిపోవడానికి నేనిచ్చే విలువకి ఇంకో కారణం ఉంది. 1991, 92ల్లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాది మీద పడింది. పిల్లపురుగులు గదుల్లోనే నీరు పట్టి చనిపోయేవి. పెట్టెలకి పెట్టెలు ఖాళీ అయ్యాయి. కేరళలో ఎంతోమంది ఐరోపా ఈగకి మారిపోయారు. 1962లో హిమాచల్‌లోని నగ్రోటాలో మన నేలకి అలవాటుపడిన ఈగ అది. పుట్ట తేనెటీగ పని అయిపోయిందని అనుకున్నవాళ్లూ ఉన్నారు. తట్టుకుని మిగిలిన గుంపులే ఏటా విడిపోతూ మళ్లీ తొర్రలూ పుట్టలూ నింపాయి. ఏ మందూ చేయలేని పని అది.

ఇక లేమి. కానుగ పూత రాలి, ఎండలు ముదిరాక పెట్టె రంగు మారుతుంది. పుప్పొడి తెచ్చే ఈగలు పలచబడతాయి. రాణి గుడ్లు పెట్టడం తగ్గించి, ఆపేసి, సన్నబడుతుంది. ఎగరగలిగేంత తేలికవుతుందన్నమాట. ఉన్న పిల్లలు పెరిగి గదులు దాటేదాకా ఓపికపడతాయి. ఆఖరి పిల్ల బయటికొచ్చాక, ఉన్న కాస్త తేనె తాగేసి, ఒక పొద్దున అన్నీ లేచిపోతాయి. మూత తీస్తే ఎండిన పట్లు, వాటిలో అప్పుడే చేరుతున్న మైనపు పురుగు. చీమల బాధకో, అదేపనిగా మూత తీసి కదిలించే చేతికో విసిగి పోయేవైతే ఇంత వ్యవధి కూడా ఇవ్వవు, పిల్లల్ని సైతం వదిలేస్తాయి.

వాకిట్లో రాణి గేటు బిగిస్తే ఆగుతాయి కదా అంటారు. ఈగ దూరి, రాణి దూరలేని ఆ సన్నసందుల రేకు, కొత్తగా పట్టిన గుంపు కుదురుకునే నాలుగు రోజులకి మంచిదే. ఆకలితో పోవాలనుకునే కుటుంబానికి బిగిస్తే మాత్రం అది నిర్బంధం. ఈగలు బయటికి లేచి, రాణి రాక, తిరిగొచ్చి, మళ్లీ లేచి చిక్కిపోతాయి. పోవాల్సిన అవసరం లేకుండా చేయడమే పెంచేవాడి పని.

ఆ పని పెద్దదేమీ కాదు, కానీ రోజూ చేయాలి. పెట్టెలు పడమటి ఎండ తగలని నీడకి చేరాలి. స్టాండు కాళ్ల కింది గిన్నెల్లో నీళ్లు ఎండకూడదు, ఎండితే చీమలు ఎక్కుతాయి. మట్టిమూకుడులో గులకరాళ్లు పోసి నీళ్లు పెట్టాలి, రాళ్లు లేకపోతే ఈగలు మునిగిపోతాయి. పంచదార, నీళ్లు సమంగా కలిపిన పానకం సాయంత్రం పూట పెట్టె లోపలే పెట్టాలి. బయట పెడితే వేరే పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి. తేనె తీసేటప్పుడే ఈ నెలల తిండి వదిలి తీస్తే పానకం అవసరం సగానికి తగ్గుతుంది. మంచి ఏడు కూడా పెట్టెకి అయిదారు కిలోలకన్నా ఆశించని వాడిని నేను. వాటి బత్తెం తీసేసి ఇంకో కిలో అమ్ముకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

మధ్యాహ్నం వేళ వాకిట్లో నిలబడి రెక్కలు విసిరే ఈగలని చూడండి. ఐరోపా ఈగలు తల లోపలివైపు పెట్టి వేడిగాలిని బయటికి లాగుతాయి. మన ఈగలు తల బయటికి పెట్టి, గాలిని లోపలికి తోస్తాయి. లోపల నీటి చుక్కలు పరిచినవి ఇంకొన్ని ఉంటాయి. పిల్లల గది దాదాపు 35 డిగ్రీల దగ్గర ఉండాలి, బయట 44 ఉన్నా సరే. విసిరేవి ఎక్కువై, పుప్పొడి తెచ్చేవి తగ్గాయంటే నేను మూత తీయకుండానే పానకం కలపడం మొదలుపెడతాను.

మే 20న ప్రపంచ తేనెటీగల దినం జరుపుకున్నాం. స్లొవేనియాలో పుట్టిన ఆంటన్ యాన్షా పేరున ఐక్యరాజ్యసమితి 2017లో ఎంచిన రోజు అది. 1770లో వియన్నాలో మరియా థెరెసా రాణి ఆయన్ని తేనెటీగల పెంపకం నేర్పే గురువుగా నియమించింది. మరుసటేడు వచ్చిన ఆయన పుస్తకం తేనె గురించి కాదు, గుంపులు విడిపోవడం గురించి. పెంపకందారుడు ముందు నేర్వాల్సింది ఏదో ఆయనకి తెలుసు.

నిన్న బాబాయ్ వచ్చి, వానలు పడ్డాక తన కాకర పందిరి దగ్గర ఒక పెట్టె పెట్టమన్నారు. పూతమీద మందు పగలు కొట్టనంటేనే పెడతానన్నాను. "సాయంత్రం కొట్టిస్తాలే, ముందురోజు నీకు చెప్తా" అన్నారు. చింతకొమ్మ నుంచి దింపిన గుంపునే అటు పంపుతాను.