ఉలికి ఊరేది?

శేషాద్రి పడగల నీడలో, గోవింద నామం గాలికి ఊపిరైన అలిపిరిలో, రోజంతా రెండు చప్పుళ్లు. ఒకటి కొండెక్కే పాదాలది. మరొకటి రాతిని మేల్కొలిపే ఉలిది. టీటీడీ వారి సంప్రదాయ శిల్పకళాశాలలో 1960 నుంచీ మోగుతున్న చప్పుడది. శిల, సుధ, లోహం, దారువు, వర్ణం, కలంకారి... కొండ కింద ఇన్ని విద్యలు కొలువుతీరి ఉన్నాయి. పాదాల చప్పుడు వేంకటేశుడి సన్నిధిలో సేదతీరుతుంది. మరి ఉలి చప్పుడు ఎక్కడికి చేరుతుంది?

ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని చంద్రగిరికి వెళ్లాను. ఎర్రటి ఎండలో తెల్లని నిట్టూర్పులా నిలిచి ఉంది రాజమహల్. 1565లో రాక్షస తంగడి దగ్గర కూలిన విజయనగర రాజ్యలక్ష్మి, పెనుకొండలో కొన్నాళ్లు తలదాచుకొని, ఆ తర్వాత ఈ కొండ ఒడికి చేరింది. రాయి, ఇటుక, సున్నం తప్ప ఒక్క కర్రదూలమైనా లేకుండా మూడంతస్తులు లేచిన మేడ ఇది. కమాను మీద కమాను, శిఖరం పక్కన శిఖరం. కోనేటి నీళ్లలో తన ముఖం తానే చూసుకొని మురిసిన రోజులు దీనికీ ఉండేవి. ఇప్పుడు పురావస్తు శాఖ దీన్ని బాగుచేసి ప్రదర్శనశాలగా మార్చింది. రాజులు కూర్చున్న చోట గండికోట, యాగంటి, గుడిమల్లం వంటి ఊళ్ల నుంచి వచ్చిన రాతి దేవుళ్లు కొలువున్నారు.

దగ్గరికెళ్లి చూశాను. ఒక విగ్రహానికి ముంజేయి లేదు. విరిగిన చోట రాయి పచ్చిపుండులా గరుకుగా ఉంది. దానికి కాస్త పైన, దండకడియం మీద, ఆవగింజంత ముత్యాల వరుస మాత్రం చెక్కు చెదరలేదు. అంత చిన్న గింజను రాతిలోంచి ఒలవాలంటే ఎంత ఊపిరి బిగపట్టాలి! ఎన్నిసార్లు దెబ్బను చేతిలోనే ఆపుకోవాలి! ఎవరు స్వామీ ఆ ఓర్పు గలవాడు? కింద పలకలో దేవుడి పేరుంది, దొరికిన ఊరుంది, శతాబ్దముంది. చెక్కినవాడు లేడు.

ఇది పలక రాసినవారి తప్పు కాదు. వాళ్లకు ముందే చరిత్ర నోరు కట్టుకుంది. తిరుమలలో భోగ శ్రీనివాసుడి వెండి విగ్రహాన్ని సమర్పించిన పల్లవ రాణి సామవై పేరును శాసనం పదిలంగా దాచింది. ఆ వెండిని కరిగించి చిరునవ్వు పోసిన కంసాలి ఎవరో మనకు తెలియదు. మహాద్వారం దాటాక చేతులు జోడించి నిలిచిన కృష్ణరాయల విగ్రహానికి, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలకు, భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ భుజాలు మలచిన చేతులకు పేరు లేదు.

పేరు విడిచిపెట్టడమే శిల్పి దీక్ష అంటారు పెద్దలు. కాదనను. విగ్రహానికి కళ్లు తెరిచేదాకా దేవుడు శిల్పి చేతిలో పసిబిడ్డ. ప్రతిష్ఠ జరిగాక ఆ చేయి గర్భగుడి గడప దాటదు. తాను కన్న దేవుణ్ణి తానే దూరం నుంచి చూసి దణ్ణం పెట్టుకొని వెళ్లిపోయే తండ్రి కథ అది. ఆ త్యాగానికి తల వంచుతాను. అయితే ఎండిన చెరువు గట్టున కూర్చున్న రాయలసీమ రైతును చెక్కాలనిపించిన కుర్రాడి మాటేమిటి? వాడి రాతికి గుడి లేదు, గోడ లేదు. పట్టణం నడిబొడ్డున ఒక పీట కూడా లేదు. శ్రీకాళహస్తిలో వెదురుపుల్లకు గుడ్డ చుట్టి, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుమును ఊరబెట్టిన నలుపుతో గీసే చేయి, రాముడి పక్కన తన కాలాన్ని కూడా గీస్తే ఆ వస్త్రాన్ని ఎక్కడ పరుస్తాం? మాధవమాలలో కొయ్యకు ప్రాణం పోసేవాడి పనిని బేరం లేకుండా చూసే కళ్లు ఎక్కడున్నాయి?

పక్క ఊళ్లు ఈ దుఃఖానికి మందు కనిపెట్టాయి. బెంగళూరులో పాత మాణిక్యవేలు భవంతి 2009లో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకు ఇల్లయింది. కొచ్చిలో సుగంధ ద్రవ్యాల వ్యాపారం చూసిన ఆస్పిన్‌వాల్ హౌస్, 2012 నుంచి బియెనాలె అనే కళోత్సవం బొమ్మలకు నీడనిచ్చింది. పాత గోడ కొత్త బొమ్మను మోస్తే గోడకు చిన్నతనం రాలేదు, వయసు తగ్గింది.

రాజమహలా! నిన్ను నిందించడం లేదు. ఓడిన రాజ్యాన్ని దాచుకున్నావు, విరిగిన దేవుళ్లను ఎత్తుకున్నావు, అదే చాలా బరువు. నా ఏడుపు మా మీదే. గతించినవారి రాళ్లకు కప్పు కట్టాం గానీ, బతికున్నవారి చేతులకు నీడ చూపలేదు. చనిపోయాక వందల ఏళ్లకు ఒక గాజుపెట్టెలో పేరు లేకుండా నిలబడటమే గౌరవమని మా పిల్లలకు నేర్పుతున్నాం.

నీలో ఒక గది ఇస్తారో, తిరుపతిలో బూజు పట్టిన ఏ పాత సత్రాన్ని బాగుచేస్తారో, అది ఏలినవారి ఇష్టం. అలిపిరి ఉలికి ఒక ఊరు కావాలి. ఆ గోడకు మొదటి పలక రాసేనాడు బొమ్మ పేరు తర్వాత రాయండి. ముందు చెక్కిన మనిషి పేరు రాయండి.