అనుచర, నియంతృ, పర్యవేక్షక శబ్దముల తారతమ్యము

ఒకరివెంట నడచువానిని, ఒకరికిఁ ద్రోవ చూపువానిని, ఒకరిపై దృష్టి నిలిపియుండువానిని దెలుపు శబ్దములు మనభాషలో విస్తారముగాఁ గలవు. వాని నన్నిటిని సమానార్థకములుగాఁ జూచుట యీనడుమ వ్యాసములయందును, పాఠశాలలలోఁ జెప్పు ప్రతిపదార్థములయందును బలిసినది. అనుచరుఁడన్నను, సహచరుఁడన్నను, పరిచారకుఁడన్నను "తోడివాఁడు" అని యొక్క మాటతోఁ దీర్చివేయుచున్నారు. దీనిచేఁ గావ్యపాత్రల పరస్పరసంబంధమే తాఱుమాఱగుచున్నది.

అమరసింహుఁ డిట్లు చేయలేదు. అనుప్లవ, సహాయ, అనుచర శబ్దముల నొకచోటను, పురోగామి, అగ్రేసర, పురస్సర శబ్దముల వేఱొకచోటను, అధ్యక్షాధికృతుల మఱియొకచోటను గూర్చెను. ఆద్యవయవమే మనుష్యుఁడు నిలిచిన తావును జెప్పుచున్నది. 'అను' యన వెనుక, 'పురః' యన ముందు, 'అధి' యనఁ బైని. ఒకగ్రామముపై నధికృతుఁడు స్థాయుకుఁడనియు, పెక్కుగ్రామములపై నున్నవాఁడు గోపుఁడనియుఁ గూడ నాతఁడు వేఱుపఱచినాఁడు.

ఇఁకఁ దెలుఁగు 'తోడు' శబ్దము సమత్వమును జెప్పును. తోడఁబుట్టువు, తోడల్లుఁడు, తోడికోడలు - వీరిలో వయస్సుచేఁ బెద్దపిన్నలుందురు గాని సంబంధమున నొకరు పైవారు, ఒకరు క్రిందివారు గారు. కావున రాజు వెంట ఛత్రము పట్టి వచ్చు భటుని "రాజు తోడివాఁడు" అని చెప్పిన పండితుఁడు విద్యార్థికిఁ దప్పు నేర్పినవాఁడే. 'తోడ్కొనిపోవు' క్రియ యొక్కటి విలక్షణము. అందుఁ దోడు కలదు గాని కొనిపోవువాఁడు కర్త, పోఁబడువాఁడు కర్మ.

'నియంత' శబ్దము చరిత్ర మిక్కిలి విచిత్రమైనది. అమరమున నది సూత, యంతృ, క్షత్తృ శబ్దములతోఁగూడి సారథికిఁ బర్యాయము. గుఱ్ఱముల నదుపుచేయువాఁడు, రథికుని యాజ్ఞకు లోఁబడినవాఁడు. నేఁటి పత్రికలలో నియంత యనఁగాఁ దనకుఁ బైవాఁడు లేని యధికారి. కళ్లెము చేతఁబట్టినవాఁడే రథమున కధిపతియైనాఁడు! అర్థవిపరిణామము భాషకు సహజమే, నే నాక్షేపింపను. ప్రాచీనకావ్యమున నీపదము కనఁబడినపుడు నేఁటి యర్థమును జొప్పించుటనే యాక్షేపించుచున్నాను.

సారథి ప్రసక్తి వచ్చినది గావున 'శల్యసారథ్యము'ను విచారింతము. చేతఁగానివాని నాయకత్వమును, ఒక్కొక్కపుడు వంచనను గూడ నీమాటతోఁ జెప్పుచున్నారు. ఇది శల్యునకుఁ జేసిన యన్యాయము. ఆతఁడు తోలుటలో లోపమేమియుఁ జేయలేదు. తనకుఁ దోఁచినదెల్ల నాడుదునని ముందే నియమము చేసికొనియే పగ్గములు పట్టెను. కర్ణుఁడు సర్పముఖబాణమును సంధించినపుడు, గుఱి కంఠమునకుఁ దగులదు, మరలఁ జూచి సంధింపుమని హెచ్చరించినవాఁడును శల్యుఁడే; రెండవమాఱు సంధింపనని త్రోసిపుచ్చినవాఁడు కర్ణుఁడు. ధర్మరాజున కిచ్చిన మాటచొప్పునఁ గర్ణుని తేజోవధ చేయుట యాతని దోషము. ఆ దోష మాతని నాలుకయందున్నది, చేతియందు లేదు. చక్కఁగా నడపుచునే మనస్సు విఱుచువాఁడు - ఈయర్థమును విడిచినచో నుడికారమున సారము పోవును.

దీనికి జోడుగా నిలువఁదగినది 'నక్షత్రకుఁడు'. మార్కండేయపురాణమున నీతఁడు లేఁడు. విశ్వామిత్రుఁడే స్వయముగా వచ్చి హరిశ్చంద్రుని ఋణ మడుగును. కన్నడమున రాఘవాంకుని కావ్యమునను, తెలుఁగున 15వ శతాబ్దివాఁడగు గౌరన ద్విపదమునను నీపాత్ర కలదు. నాటకములవలనఁ బల్లెపల్లెకుఁ బాకి, పీడించి వెంటఁబడువాని కెల్ల నీతని పేరే పేరైనది. కాని 'పీడించువాఁడు' అనుట యర్థములో సగమే. ఆతఁడు నడచునది వెనుక, చేయునది పై విచారణ. అనుచరుని తావున నధ్యక్షుని పని. తన యప్పు గాని యప్పును వసూలుచేయ వచ్చినవాఁడు. ఈ రెండింటి కలయికను సంస్కృతమున నొక్క యుపసర్గతోఁ జెప్పుట సాధ్యము గాదు. తెలుఁగువా రొక మనుష్యుని పేరుతోఁ జెప్పిరి. దానిని గ్రామ్యమని కొందఱు వ్యాసములనుండి వెలివేయుట నాకు సమ్మతము గాదు.

మఱియొక్క మాట. సిద్ధాంతగ్రంథముల మొదటిపుటలలో గురువునకు 'పర్యవేక్షకులు' అని యచ్చగుచుండును. పరీక్షామందిరమునఁ జీటీలు వెదకుచుఁ దిరుగువానికిని నిదియే పేరు. శోధకునకు దారిచూపువానికిని, దొంగతనము పట్టువానికిని భేదము లేకపోయినది. విద్యార్థులు నోట 'గైడు' అని యందురు. అది యన్యభాషాపదమైనను గురువును ముందు నిలుపుచున్నది. మనకు 'మార్గదర్శకుఁడు' అని యుండఁగాఁ బై నుండి చూచువానిమాట నేల యేఱుకొంటిమో పరిశోధనశాఖలవారే చెప్పవలయును.