కాకిబంగారం లెక్కల్లో కులం ఏదీ?

అభ్రకాన్ని మన ఊళ్లలో కాకిబంగారం అంటారు. జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీహ్ జిల్లాల్లో దాని తుక్కును ఢిబ్రా అంటారు. మూతబడ్డ గనుల గుట్టల మీద, ఎలుక బొక్కల్లాంటి గోతుల్లో దాన్ని ఏరేది తల్లులూ పిల్లలూ. దళారి, గోదాం, ఎగుమతిదారు చేతులు మారాక అది కార్ల రంగుల్లో, లిప్‌స్టిక్కుల్లో మెరుపవుతుంది.

ఈ పిల్లల మీద నివేదికలకు కొదవ లేదు. 2016లో తెర్ దెజోమ్, సోమో సంస్థల అధ్యయనం జార్ఖండ్, బీహార్‌లలో 22 వేల మంది దాకా పిల్లలు ఈ పనిలో ఉన్నారని అంచనా వేసింది. 2017లో కంపెనీలు కూడా 'బాధ్యతాయుత అభ్రకం' పేరిట ఒక వేదిక పెట్టుకున్నాయి. మంచిదే. కానీ ఇట్లాంటి చర్చ తరచుగా పేదరికం దగ్గర మొదలై తల్లిదండ్రుల చదువులేనితనం దగ్గర ఆగిపోతుంది.

ఆ పేదరికం ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆ గుట్టలెక్కేది భుయ్యా లాంటి దళిత కులాలవాళ్లు, సంతాల్, బిర్హోర్ ఆదివాసులు. భూమి లేనివాళ్లు, ఉన్నా నీళ్లు లేనివాళ్లు. 1980 అటవీ సంరక్షణ చట్టం వచ్చాక చాలా గనులు మూతపడ్డాయి. కూలి పోయింది, తవ్వకం మాత్రం పోలేదు. లైసెన్సున్న గనిలో యజమాని అనేవాడొకడుంటాడు. నిలదీయొచ్చు, యూనియన్ పెట్టుకోవచ్చు. ఢిబ్రాకు యజమాని లేడు, కొనేవాడే ఉన్నాడు. తూకం వాడిది, ధర వాడిది, నేరం మాత్రం ఏరినవాళ్లది!

చట్టం 18 ఏళ్లలోపు వాళ్లను గని పనిలోకి రానివ్వదు. అభ్రకం కోయడం, చీల్చడం 1986 బాలకార్మిక చట్టం నిషేధించిన పనుల్లోనే ఉన్నాయి. కాగితం మీద గనే లేనిచోట ఈ చట్టాలు ఎవర్ని పట్టుకుంటాయి? 2016లో రెండు నెలల్లో ఏడుగురు పిల్లలు ఈ గోతుల్లో చనిపోయారని థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేకరులు బయటపెట్టారు. అప్పటిదాకా అవి చావుల లెక్కలోకే రాలేదు. కేసు భయం ఒకపక్క, నోరు మూయించే డబ్బు ఇంకోపక్క. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గట్టిగా ఏడవడానికీ జంకాలి.

'పిల్లల్ని బడికి పంపండి' అనడం తప్పని కాదు. (పంతుళ్లం, మనమే రోజూ అనే మాట.) పెద్దవాళ్లకు తవ్వుకునే హక్కూ ధర అడిగే హక్కూ లేకుండా పిల్లనొక్కదాన్నే గుట్ట దించితే ఆ పూట కూడు ఎవరు పెడతారు? ఏరేవాళ్ల సంఘాలకే లీజులివ్వాలనే మాట ముందుగా మాట్లాడాలి.

ఇంకొక్క సంగతి. ఉమ్మడి నెల్లూరు జిల్లా గూడూరు వైపూ అభ్రకం గనులున్నాయి. ఆ గనుల పక్క వాడల్లో ముసలివాళ్ల జ్ఞాపకాలు ఎవరైనా రాసి పెట్టుకుని ఉంటే ఈ పత్రికకు పంపండి.