గంపలో మిగిలిపోయిన రీడింగులు

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలకు తెల్లవారుజామే గండం. పొద్దుగూకాక నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వడం మాని, రొయ్యలతో పాటు తానూ పీల్చుకుంటుంది. గట్టు మీద చిన్న కంప్యూటర్ పెట్టి, నిమిషానికోసారి ఆక్సిజన్ కొలిచి ఫైల్లో రాయమన్నామనుకోండి. నాలుగింటికి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే ఫైలు ఒంటిగంట దగ్గరే ఆగిపోయి ఉంది. అసలు కావలసిన మూడు గంటలే లేవు.

యంత్రం కొలవడం మానలేదు. సి భాషలో రాసిన ప్రోగ్రామ్, రాయమన్న ప్రతి అక్షరాన్నీ వెంటనే ఫైలుకు పంపదు. ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలవడం ఖరీదైన పని. అందుకే బఫర్ అనే గంపలో పోగేసి, నిండాక ఒకేసారి మోస్తుంది. లినక్స్‌లో ఫైలుకు సాధారణంగా ఆ గంప 4,096 బైట్లు. ఒక్కో రీడింగు 20 బైట్లయితే, గంప నిండడానికి దాదాపు 3 గంటల 25 నిమిషాలు పడుతుంది.

ఈ గంపను నడిపేది సి భాష లైబ్రరీ. బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ మొదలుపెట్టగా డెన్నిస్ రిచీ తిరిగి మలిచిన ఈ లైబ్రరీ, 1979లో యూనిక్స్ ఏడో కూర్పుతో లోకానికి అందింది. అవతల ఎవరున్నారో చూసి ప్రవర్తించడమే దానిలోని తెలివి. తెర ముందు మనిషి ఉంటే వరుస పూర్తవగానే చూపిస్తుంది, ఫైలైతే గంప నిండాక పంపుతుంది. తప్పుల్ని తెలిపే దారిని మాత్రం గంప నిండేదాకా ఆగనివ్వదు. 1989 నాటి సి ప్రమాణం కూడా ఆ నియమాన్ని నిలబెట్టింది.

నాకు అన్నిటికంటే విలువైనదనిపించేది ఈ చివరి నియమమే. అదే 1979, ఆగస్టు 10న మన తీరంలోని శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 తొలిసారి ఎగిరి, ఐదు నిమిషాలు దాటిన కాసేపటికి బంగాళాఖాతంలో కూలింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోవడం కారణం. రాకెట్ తన స్థితిని ఎగురుతూనే రేడియోలో నేలకు చెబుతుంది. చేరాక చెబుదామని లోపలే దాచుకునే యంత్రమైతే, ఆ కబురు కూడా సముద్రం పాలయ్యేది.

గంపను నిండకముందే ఖాళీ చేయించడమే ఫ్లష్. దాన్ని ఎవరి బాధ్యతగా పెట్టాలన్నదే లైబ్రరీ రాసేవారికి కష్టమైన ప్రశ్న. గో భాషలో ఫ్లష్ చేయడం మరిచిపోతే గంపలో మిగిలింది మిగిలినట్టే పోతుంది. రస్ట్ భాషలో బఫర్ తన పని ముగిసేటప్పుడు తానే ఖాళీ అవుతుంది, కానీ అప్పుడు డిస్కు నిండిపోయి రాత విఫలమైతే ఆ సంగతి ఎవరికీ చెప్పదు. నా మాటకొస్తే గో పద్ధతే మేలు. ఒకసారి తప్పు జరిగితే దాన్ని గుర్తుపెట్టుకుని, ఆ తరువాతి ప్రతి రాతకూ, ఫ్లష్‌కూ అదే తప్పును తిరిగి చెబుతుంది. పైథాన్ 3.3 నుంచి ప్రింట్ పక్కనే ఫ్లష్ అడిగే వీలు కల్పించింది. చిన్న మార్పే, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు పెద్ద ఆసరా.

అయితే మన గుంట గట్టు మీద ఫ్లష్ ఒక్కటే చాలదు. ప్రోగ్రామ్ గంప ఖాళీ అయినా, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర మరో గంప ఉంది. అందులోది డిస్కుకు చేరడానికి అర నిమిషం పైగా పట్టవచ్చు, ఈలోగా కరెంటు పోతే అదీ పోతుంది. ఎఫ్‌సింక్ అనే పిలుపు డిస్కుకు చేరేదాకా ఆగి, చేరిందో లేదో చెబుతుంది. సెకనుకు వేల వరుసలు రాసే చోట అది మోయలేని భారం. నిమిషానికి ఒక్క రీడింగే కదా, ఇక్కడ రెండూ ప్రతిసారీ పిలవాలి. అప్పుడు నాలుగింటికి కరెంటు పోయినా, 3:59కి ఆక్సిజన్ ఎంతో ఫైల్లో ఉంటుంది.