తెలుగు క్రైస్తవుల నిత్యప్రార్థన: కీర్తనయు సొంతమాటయు

తెలుగు క్రైస్తవవాఙ్మయమును గూర్చి వ్రాయబూనినవారు సాధారణముగా మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనముతో ప్రారంభించి, పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలను పేర్కొని, బైబిలు అనువాదములను స్పృశించి విరమింతురు. ఈ వరుస కాలక్రమమునకు సరిపోవును గాని, ఈ వాఙ్మయము ఏ అవసరమునకై నిలిచినదో దానిని తెలుపజాలదు. ప్రబంధపఠనమునకు తీరిక కావలెను. నిత్యప్రార్థన పనుల నడుమ జరుగును: పాలు పితుకుటకు ముందు, అన్నము వడ్డించిన పిమ్మట, దీపము పెట్టిన వెనుక. కావున దీనిని ఛందస్సుతోనే గాక దినచర్యతోను కొలిచి చూడవలెనని మా అభిప్రాయము.

ఇట్టి పరిశీలనకు మదనపల్లె, పుంగనూరు, పెద్దపంజాణి ప్రాంతము మిక్కిలి అనువైనది. పుంగనూరులో పదునెనిమిదవ శతాబ్ది తొలినాళ్లలోనే ఫ్రెంచి జెస్యూటు గురువులు పనిచేసిరి. ఆర్కాటు మిషనుకు చెందిన జేకబు ఛేంబర్లేను 1863లో మదనపల్లెలో స్థిరపడి, తెలుగు బైబిలు సంస్కరణలో పాల్గొని, 1908లో అచ్చటనే మరణించెను. ఈ చరిత్ర చాలవరకు అందరెరిగినదే. మనకిచ్చట ముఖ్యమైన దింకొకటి కలదు. క్రైస్తవప్రార్థన రాకమునుపే ఈ సీమలో భక్తి దినమును పాటలతో పంచుకొనియున్నది. తరిగొండ ఇచ్చటి కంతగా దూరము కాదు. ఆ ఊరి వెంగమాంబ (1730-1817) పేరిట ముత్యాలహారతి తిరుమలలో ఏకాంతసేవవేళ నేటికిని జరుగుచున్నది. తాళ్లపాకవారి లాలియు ఆ సేవలోనిదే. ఉదయమున మేలుకొలుపు, రాత్రి లాలి అను ఈ రెండింటి నడుమ భక్తుని దినమంతయు ఇమిడియున్నది.

ఈ సంప్రదాయమున దేవుడొక ఇంటి పెద్దవంటివాడు. ఆయనను లేపవలెను, అలంకరింపవలెను, ఆరగింపు చేయవలెను, జోలపాడి పవళింపజేయవలెను. క్రైస్తవకీర్తనకారుని కిచ్చట చిక్కు వచ్చినది. అతని దేవునికి నిద్ర లేదు. 121వ దావీదుకీర్తన సారాంశ మదియే. లేపవలసిన దేవుడు లేనప్పుడు మేలుకొలుపు ఎవరికి? ఆంధ్రక్రైస్తవకీర్తనలలోని ఉదయగీతములను పరిశీలించినచో సమాధానము దొరకును. రాగతాళములు మారలేదు, పల్లవియు చరణములును మారలేదు, మంగళము పాడుటయు మానలేదు. మేలుకొనుమను క్రియకు కర్త మాత్రము మారినాడు. మేలుకొనవలసినవాడు పాడువాడే. మనసును పిలిచి మందలించు పద్ధతి త్యాగరాజకృతులు విన్నవారికి క్రొత్త గాదు. అయితే అది ఇచ్చట ప్రతి ఉదయమును ఇంటిల్లిపాది కూడి చేయు పనియైనది.

రాత్రి విషయమున మార్పు ఇంకను లోతైనది. జోలపాట ఉండిన చోటికి లెక్క చెప్పుకొనుట వచ్చినది. ఆనాడు ఆడిన మాటలు, చేసిన తప్పులు, పొందిన మేళ్లు తలచుకొని క్షమాపణ వేడుట కుటుంబప్రార్థనలో ప్రధానాంగము. క్రీస్తు గది తలుపు వేసికొని రహస్యముగా ప్రార్థింపుమని బోధించెను గాని, ఒంటిగది ఇండ్లలో ఆ వసతి ఎక్కడిది? తండ్రి ప్రార్థన బిడ్డలు విందురు. కోడలి ప్రార్థన అత్త వినును. గట్టు తగాదా పడిన పొరుగువానిని క్షమించితినని నలుగురు వినగా పలికినవాడు మరునాడు ఆ గట్టుమీద వానిని చూచి మొగము త్రిప్పుకొనుట కష్టము. త్రిప్పుకొనినచో ఇంటివారికి ఆ సంగతి తెలియును. ప్రార్థన నడవడిని దిద్దుట యనగా ఆచరణలో ఇదియేనని మేము తలచుచున్నాము. ఇంటి స్త్రీలకు పదిమంది నడుమ గొంతెత్తి, ఆదిమధ్యాంతములు గల ప్రసంగము చేయు అలవాటు ఈ కూడికలలోనే అబ్బినదని కూడ చెప్పవచ్చును.

ఈ సొంతమాటల ప్రార్థన ఒక మౌఖిక గద్యప్రక్రియ. దానికి నియమములు కలవు: సంబోధన, స్తోత్రము, ఒప్పుకోలు, విన్నపము, ఇతరులకై వేడికోలు, చివర అందరును కలిసి పలుకు ఆమేన్. ఏ పుస్తకమునను లేని వస్తువులు ఇందు ప్రవేశించును. మదనపల్లె మార్కెట్టుకు పోవు టమాటాల ధర, పట్టుపురుగుల రోగము, ఎండిన బోరు, బెంగుళూరికి పనికిపోయిన కొడుకు, ఇవన్నియు విన్నపములగును. కీర్తన ఎంత మధురమైనను ఈ వస్తువులను మోయలేదు. దాని పదజాలము ముందే కట్టుబడినది.

అట్లని సొంతమాట యంతయు సజీవమని భ్రమింపరాదు. విని విని నోటికి పట్టిన పలుకుబడులను గొలుసుగా అల్లి, పలుకువాడే వినకుండ ముగించు ప్రార్థనలు కొల్లలు. వానికంటె ఒక పాతకీర్తన మేలు. పాశ్చాత్యపు వరుసలకు తెలుగు మాటలను బిగించిన అనువాదగీతములలో దీర్ఘమున్నచోట స్వరము తెగుట, హ్రస్వమున్నచోట సాగుట చెవికి బాధాకరము. తంజావూరి వేదనాయక శాస్త్రి తమిళమునను, నారాయణ వామన తిలక్ మరాఠీయునను దేశీయమైన బాణీలలో రచించిరి. మన పురుషోత్తమ చౌదరి మార్గమును అదియే. గానములో ఆ మార్గము వదలుట నష్టమే గాని లాభము కాదు.

భాషావిషయమున ఒక అంశము పరిశోధకులు గమనింపదగినది. బైబిలు తెలుగు గ్రాంథికచ్ఛాయ గలది. ఈ సీమ వాడుక వేరు. ప్రార్థన బైబిలు ధోరణిలోనే మొదలగును: ‘ప్రభువా’, ‘దయచేయుము’, ‘అనుగ్రహింపుము’. కష్టము చెప్పుకొను ఘట్టమునకు వచ్చునప్పటికి ఆ క్రియలు జారిపోయి, ‘చూడు’, ‘కాపాడు’ అను ఇంటిమాటలు వచ్చును. సంబోధనయు మారును. ఈ ప్రాంతమున కన్నతండ్రిని ‘నాయనా’ అని పిలుతురు. మేము వినిన ప్రార్థనలలో ‘పరలోకపు తండ్రీ’ అని మొదలిడిన వృద్ధురాలు వానకై వేడునప్పుడు ‘నాయనా’ యనినది, మరల ఆమేన్‌కు ముందు ‘తండ్రీ’ యనినది. ఆ మొదటి మార్పు ఏ వాక్యమున, ఏ విన్నపమువద్ద జరుగునో గుర్తించి, గ్రామమువారీగా, వయసువారీగా సేకరించినచో మన మాండలికపరిశీలనకును, భక్తివాఙ్మయపరిశీలనకును ఒకే సామగ్రి లభించును.