మెర్సెన్ పట్టికలో 67

2ను 67 సార్లు వేసి గుణించి, వచ్చిన లబ్ధంలోనుండి 1 తీసివేస్తే 147573952589676412927 అనే ఇరవైయొక్క అంకెల సంఖ్య వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యా, కాదా?

అవునన్నాడు మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి. 1644లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఒక పట్టిక ఇచ్చాడు. ఘాతాంకం 257 వరకు ఈ విధంగా ప్రధాన సంఖ్యలనిచ్చేవి 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమేనని ఆయన వాదం. నిరూపణ ఇవ్వలేదు. పైగా, పదిహేను ఇరవై అంకెల సంఖ్యను పరీక్షించడానికి కాలమంతా చాలదని ఆ గ్రంథంలోనే ఒప్పుకున్నాడు.

ఈ పట్టికలోని అంశాలన్నీ తేలేసరికి 1947 వచ్చింది. 67, 257 అందులో ఉండరానివి. 61, 89, 107 ఉండవలసినవి.

కారణాంకాలు కనుగొనలేదని మెర్సెన్‌ను తప్పు పట్టలేము. 67 ఘాతాంకమైన ఈ సంఖ్యకు గల ఏ ప్రధాన కారణాంకాన్నైనా 134తో భాగిస్తే శేషం 1 ఉండాలి. ఇట్టి నియమాన్ని ఫెర్మా 1640లో ఆయనకే లేఖలో తెలియజేశాడు. అయినా ఆ నియమంతో వరుసగా వెదికితే 14,45,580వ ప్రయత్నానికిగాని మొదటి కారణాంకం దొరకదు. తేల్చలేనిదాన్ని తేల్చినట్లు ప్రకటించడమే ఆయన దోషం. అయితే ఆ ప్రకటనే తరువాతివారిని పరీక్షకు పురికొల్పిందన్నదీ నిజమే.

1876లో ల్యూకా ఇది సంయుక్త సంఖ్య అని చూపాడు. కాని కారణాంకాలు తెలియలేదు. సంఖ్య విడిపోతుందని తెలియడం వేరు, ఎలా విడిపోతుందో తెలియడం వేరు. 1903లో అమెరికన్ గణితవేత్త కోల్ ఈ రెండవది సాధించాడు. ఆ కారణాంకాలు 193707721, 761838257287. ఆయన మాటాడకుండా నల్లబల్లమీద గుణకారం చేసి చూపాడన్న కథను జనరంజక గ్రంథాలు మెచ్చుకుంటాయి. కాని విశేషం మౌనంలో లేదు. ఎవరైనా సరిచూడగల సాక్ష్యం ఇవ్వడంలో ఉన్నది.

ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో చేయించవచ్చు. 721ని 287తో గుణిస్తే 206927. చివరి మూడంకెలు 927 సరిపోయినవి. 9తో భాగిస్తే రెండు కారణాంకాలకూ శేషం 1. పెద్ద సంఖ్యకూ 1. ఇవి పొరపాటును పట్టియిచ్చే పరీక్షలే గాని నిరూపణ కావు. పూర్తి గుణకారమే నిరూపణ. అది చేసిన విద్యార్థి మెర్సెన్ మాటనే కాదు, కోల్ మాటనుగూడ నమ్మవలసిన పని లేదు.