స్లింగు వాలిన కొద్దీ

పాశమైలారం షెడ్ల దగ్గర ట్రైలర్ మీదికి మిషన్ ఎక్కిస్తుంటే ఎప్పుడూ ఒకటే ప్రశ్న వినిపిస్తుంది. "ఎన్ని టన్నులే?" హైడ్రా క్రేన్ డ్రైవర్ అడిగేది అదే, సూపర్‌వైజర్ చెప్పేదీ అదే. సరుకును క్రేన్ కొక్కేనికి తగిలించే స్లింగు ఎంత వాలుగా ఉందని అడిగేవాళ్లు అరుదు. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

10 టన్నుల మిషన్‌ను రెండు స్లింగులతో లేపుతున్నారనుకుందాం. రెండూ నిటారుగా దిగితే ఒక్కోదాని మీద 5 టన్నులు. నేలతో 60 డిగ్రీల కోణంలో ఉంటే 5.8. 45 అయితే 7 దాటుతుంది. 30 డిగ్రీలకు వాలితే ఒక్కో స్లింగు మీదా పూర్తిగా 10 టన్నులు! 15కి దిగితే 19 పైమాటే. మిషన్ బరువు మాత్రం ఒక్క గ్రాము పెరగలేదు. వాలిన స్లింగులు పైకి లాగడంతో ఊరుకోవు, రెండు పక్కల నుంచి లోపలికీ నొక్కుతాయి. 30 డిగ్రీల దగ్గర ఆ నొక్కుడే 8 టన్నులు దాటుతుంది. క్రేట్ చెక్కలు విరిగేది, ప్యానెళ్లు సొట్టపోయేది అందుకే.

ఖలాసీని తిట్టి లాభం లేదు. చేతికిచ్చిన పొట్టి స్లింగుతో, తక్కువ ఎత్తు కప్పు కింద అతను ఇంకేం చేయగలడు? కప్పు ఎత్తున్న చోట పొడుగు స్లింగు, లేని చోట స్లింగులను నిటారుగా దించే అడ్డ దూలం, స్ప్రెడర్ బీమ్ కొనివ్వాల్సింది యాజమాన్యం.

ఇదే లెక్క తెరచాప పడవలకూ ఉంది. హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు దిగే చిన్న పడవల మాస్టును, అంటే తెరచాప స్తంభాన్ని, చేతులతోనే ఎత్తి నిలబెడతారు, ట్రైలర్ ఎక్కించే ముందు తీసేస్తారు. కాస్త పెద్ద పడవల్లో ఆ పని కష్టం. పడుకోబెట్టిన మాస్టును ముందు తీగ పట్టి లాగితే, ఆ తీగ మాస్టు వెంబడే దాదాపు సమాంతరంగా పోతుంది. బలమంతా మాస్టును దాని మొదట్లోకి నెట్టడానికే ఖర్చవుతుంది, పైకి లేపేది కొంచెమే. అందుకే తొలి కొన్ని డిగ్రీలే గండం. అప్పుడు మాస్టు మొదట్లో ఒక పొట్టి కర్రను నిటారుగా నిలిపి, తీగను దాని కొన మీదుగా లాగుతారు. కోణం దొరకగానే మాస్టు లేస్తుంది. ఈలోగా పక్క తీగల మీదా కన్నుండాలి. మాస్టు వాలినప్పుడు వదులైన తీగ, మాస్టు పక్కకు ఊగితే ఒక్క కుదుపున బిగుసుకుంటుంది. అలా దెబ్బతిన్న తీగ పోగులు చివరి బిగింపు లోపల, కంటికి కనిపించని చోట తెగుతాయి.

ట్రైలర్ ఎక్కాక లెక్క తిరగబడుతుంది. గట్టిగా బ్రేక్ వేస్తే సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోస్తుందని అంతర్జాతీయ నియమావళి లెక్క. మన 10 టన్నుల మిషన్‌కు అది 8 టన్నులు. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆటో అడ్డొస్తే ఆ 8 టన్నుల్నీ ఆపాల్సింది రాపిడి, కట్లే. పైనుంచి వేసిన బెల్టు సరుకును అదిమి పట్టాలంటే పక్కల నిటారుగా దిగాలి. ముందుకు జారకుండా ఆపే చైనును మాత్రం వెనక్కి, వాలుగా లాగి కట్టాలి. లేపేటప్పుడు భయపెట్టిన వాలే ఇక్కడ కాపాడుతుంది. పడవకైతే ఇంకో జాగ్రత్త: కింద ట్రైలర్ ఆనిక ఉన్న చోటే బెల్టు బిగించాలి. ఖాళీ చోట బిగిస్తే ఫైబర్ ఒళ్లు లోపలికి వంగుతుంది.

ప్రతి చైనూ, తాడూ ఏడాదికి ఒక్కసారైనా పరీక్షకు నిలవాలనీ, మోయగల బరువు వాటిమీద స్పష్టంగా ఉండాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లోనే రాసి ఉండేది. కానీ స్లింగు ట్యాగు మీద పెద్దగా కనిపించే అంకె సాధారణంగా నిటారు లాగుడుకు లెక్కగట్టింది. ప్రతి క్రేన్ దగ్గరా ఒక బోర్డు పెట్టి 60, 45, 30 డిగ్రీల అంకెలు రాయించాలి. ఇక్కడ తాడు పట్టేవాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు కాబట్టి తెలుగుతో పాటు హిందీ, ఒడియాలోనూ రాయించాలి. 30కి దిగువన లేపొద్దన్న మాట ఎర్ర రంగులో ఉండాలి.